మోంమార్త్‌లో రాత్రి, పారేలో గురువారం, లూర్దులో సాయంత్రం: ఫ్రాన్స్‌లో ఆరాధన కోసం వెళ్లేవారికి

యూరప్ పుణ్యయాత్ర ప్యాకేజీల్లో పారిస్ మోంమార్త్ కొండకి దక్కేది మహా అయితే గంట. బస్సు దిగడం, మెట్లెక్కడం, తెల్లటి గుమ్మటాల ముందు ఫొటో, లోపల ఒక చుట్టు, మళ్లీ బస్సు. ఆ తిరుహృదయ (సాక్రే కర్) బసిలికాలో 1885 ఆగస్టు 1 నుంచి రాత్రీ పగలూ దివ్యసత్ప్రసాద ఆరాధన, అంటే క్రీస్తు శరీరంగా కతోలికులు నమ్మే అప్పం ఎదుట ప్రార్థన, ఆగకుండా సాగుతోందని చాలామందికి ఇంటికొచ్చాక తెలుస్తుంది. గుడి కట్టడం పూర్తికాకముందే మొదలైన ఆరాధన అది. బసిలికాని ప్రతిష్ఠించింది 1919లో. అంటే అంతకు 34 ఏళ్ల ముందు నుంచే అక్కడ ఎవరో ఒకరు మోకాళ్లమీద ఉన్నారు. ఆరాధన కోసమే ఫ్రాన్స్ వెళ్తుంటే ముందు ఇక్కడ ఒక రాత్రి ఖాయం చేసుకోవాలి. మిగతా ప్రయాణం ఆ రాత్రి చుట్టూ అల్లుకోవాలి.

గుడి ఉదయం ఆరున్నరకి తెరుస్తారు, రాత్రి పదిన్నరకి మూస్తారు. ప్రవేశం ఉచితం. పదిన్నర తర్వాత లోపల ఉండేది ముందుగా పేరు ఇచ్చినవాళ్లే. గుడిని ఆనుకునే ఎఫ్రేమ్ అనే వసతి గృహం ఉంది. రాత్రి ఆరాధనకి వచ్చేవారికి పడక ఇచ్చేది అక్కడే. బసిలికా వెబ్‌సైట్‌లో తేదీ చూసి రాసుకోవాలి, నిర్ధారణ మెయిల్ వచ్చాకే విమానం టికెట్ కొనాలి. ఆ మెయిల్ ముద్రించి పెట్టుకుంటే వీసా కాగితాల్లోనూ పనికొస్తుంది. వచ్చాక రాత్రి జాబితాలో కనీసం ఒక గంట మన పేరున రాసుకోవాలి. ఇది హోటల్ కాదు. ఉమ్మడి గదిలో పడుకోవాల్సి రావచ్చు, నడవాలో మాటలు ఉండవు, సేవలు చేసేవాళ్లు ఉండరు. పారిస్‌లో చవకగా పడక దొరుకుతుందని వెళ్తే ఇబ్బంది పడతారు. ప్రార్థన కోసం వెళ్తే మాత్రం ఆ ఊళ్లో ఇంతకు మించిన చోటు లేదు.

ఏ గంట ఎంచుకోవాలి అన్నదగ్గరే మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడతారు. పన్నెండు నుంచి ఒంటిగంట వరకు తేలికనుకుంటారు, ఇంకా నిద్రపోయి ఉండరు కాబట్టి. కానీ హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో దిగి ఒకటి రెండు రోజులే అయితే శరీరం ఇంకా మన గడియారం మీదే నడుస్తుంటుంది. వేసవిలో పారిస్ మనకంటే మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర. పారిస్‌లో అర్ధరాత్రి అంటే ఒంటికి తెల్లవారుజాము మూడున్నర, నిద్ర బాగా పట్టే వేళ. అదే తెల్లవారుజాము మూడు గంటలంటే మన ఊళ్లో ఆరున్నర, కాఫీ తాగే సమయం. కొత్తగా దిగినవాళ్లు మూడు నుంచి నాలుగు లేదా నాలుగు నుంచి అయిదు తీసుకుంటే కునుకు రాదు. అక్కడివాళ్లకి అవే కష్టమైన గంటలు, కాబట్టి ఆ వేళ మనిషి కావాల్సి ఉంటుంది కూడా. అమెరికా నుంచి వచ్చే తెలుగువాళ్లకి లెక్క తలకిందులు, వాళ్లు తొలి గంటలు తీసుకోవాలి.

అలారం మోగించకూడదు, పక్కవాళ్లు లేస్తారు. ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి దిండు కింద ఉంచుకోవాలి. పది నిమిషాల ముందే లేవాలి. ఒంట్లో బాగాలేక లేవలేమనిపిస్తే రాత్రే చెప్పాలి. దివ్యసత్ప్రసాదాన్ని పీఠం మీద అందరికీ కనిపించేలా స్థాపించి ఉంచినప్పుడు ఎదుట ఒక్కరైనా ఉండి తీరాలి, జాబితా ఉన్నది అందుకే. మన గంట మనం ఎగ్గొడితే, ముందు గంటవాళ్లు లేవలేక అలాగే కూర్చుండిపోతారు.

ఆ వేళ లోపల ఎలా ఉంటుందంటే, అంత పెద్ద గుడిలో వెలుగంతా పీఠం వైపే ఉంటుంది. పైన అర్ధగోళం నిండా చేతులు చాచిన క్రీస్తు మొజాయిక్, 475 చదరపు మీటర్లు. దాని ముందు, పీఠం మీద ఎత్తున, అరచేతిలో ఇమిడే తెల్లటి అప్పం. కన్ను మొదట మొజాయిక్ మీదికి పోతుంది. పదిహేను నిమిషాలు గడిచేసరికి అప్పం మీద నిలుస్తుంది. గంట కావస్తుండగా వెనకనుంచి మెల్లగా అడుగుల చప్పుడు. తర్వాతి మనిషి వచ్చి మోకరించి కూర్చుంటారు. వాళ్లు కుదురుకున్నాకే ముందున్నవాళ్లు లేస్తారు. పలకరింపు ఉండదు, తల ఊపడం కూడా తక్కువే. ఈ చేతులు మారడం ఒక్కసారి దగ్గరనుంచి చూస్తే 1885 నుంచి అన్న మాట అర్థమవుతుంది.

మన విచారణల్లో (పారిష్‌లలో) పవిత్ర గంట అంటే పాటలు, బిగ్గరగా ప్రార్థనలు, ఫాదర్‌గారి ప్రసంగం, చివర ఆశీర్వాదం. అక్కడ గంటంతా నిశ్శబ్దం. అలవాటు లేనివాళ్లకి ఇరవయ్యో నిమిషం దగ్గర ఏం చేయాలో తోచదు. అందుకే సరంజామాతో వెళ్లాలి: అచ్చు బైబిలు ఒకటి (ఫోన్ వెలుగు చీకట్లో అందరికీ గుచ్చుకుంటుంది), జపమాల ఒకటి, ఎవరెవరి కోసం ప్రార్థించాలో రాసుకున్న కాగితం ఒకటి. ఒక కీర్తన మూడుసార్లు నిదానంగా చదివి, తర్వాత జపమాల పెదవి కదలకుండా చెప్పుకుని, చివరి పావుగంట ఏమీ చేయకుండా కూర్చోవడం చాలామందికి కుదిరే పద్ధతి. చెప్పులు విడిచే ఆచారం అక్కడ లేదు, పెట్టుకునే చోటూ ఉండదు. విడవాలనిపిస్తే కుర్చీ కిందే పెట్టుకోవచ్చు, కానీ మందపాటి మేజోళ్లు ఉండాలి, నేల చల్లగా ఉంటుంది. శాలువా మే నెలలో కూడా కావాలి.

రాత్రి ఉండలేనివాళ్లు పొద్దున ఆరున్నరకే వెళ్లాలి. పర్యాటకుల రద్దీ అప్పటికి మొదలవదు. పగలు వెళ్తే మధ్యలో ముందు వరసల్లో కూర్చోవాలి, జనం పక్కల నుంచి చుట్టూ తిరుగుతుంటారు. ఆదివారం మధ్యాహ్నం వద్దు. లోపల ఫొటోలు నిషేధం. మెట్రో దిగడానికి రెండో లైన్‌లో ఆన్వేర్, పన్నెండో లైన్‌లో అబెస్. అబెస్ చాలా లోతైన స్టేషన్, లిఫ్ట్ వదిలేసి మెట్లెక్కితే గుడి మెట్లకి ఓపిక మిగలదు. ఆన్వేర్ వైపు నుంచి వస్తే మెట్ల మొదట్లో దారాలు చేతికి కట్టి డబ్బు అడిగేవాళ్లుంటారు, చేతులు జేబుల్లో పెట్టుకుని ఆగకుండా నడవాలి. అన్నం, సాంబారు కావాలంటే ఆన్వేర్ నుంచి రెండు స్టేషన్ల దూరంలో లా షపెల్, అక్కడ శ్రీలంక తమిళుల హోటళ్లు వరసగా ఉంటాయి. 1830లో పునీత కేథరిన్ లబూరేకి మరియమాత కనిపించిన ర్యు ద్యు బాక్ చాపెల్‌కి అబెస్ నుంచి అదే పన్నెండో లైన్, సెవ్ర్ బాబిలోన్‌లో దిగాలి. అద్భుత పతకాలు అక్కడే కొనుక్కోవచ్చు. ఆరాధనకి మాత్రం మోంమార్తే.

రెండోది పారే ల మోనియాల్. మన ఊళ్లలో నెలలో మొదటి శుక్రవారం పూజ (మాస్), పవిత్ర గంట ఇంత గట్టిగా పాటిస్తాం కదా, వాటి మూలం ఈ చిన్న ఊళ్లోనే. 1673 డిసెంబరు 27న మొదలైన దర్శనాల్లో ప్రభువు ఇక్కడి సన్యాసిని పునీత మార్గరెట్ మేరిని గురువారం రాత్రి పదకొండు నుంచి పన్నెండు వరకు తనతో జాగారం చేయమని, మొదటి శుక్రవారాల్లో సత్ప్రసాదం స్వీకరించమని కోరాడు. ఆమె ఉన్న విజిటేషన్ మఠం చాపెల్ ఇప్పటికీ ప్రార్థనకి తెరిచే ఉంది. ఆమెకి దారి చూపిన పునీత క్లాడ్ ల కొలొంబియేర్ సమాధి ఉన్న చాపెల్ కొద్ది అడుగుల దూరంలోనే. అన్నీ నడిచే దూరం కాబట్టి పెద్దవాళ్లకి హాయి.

చేరడమే కాస్త మెలిక. పారిస్ గార్ ద లియోన్ స్టేషన్ నుంచి టీజీవీ అనే వేగపు రైల్లో ల క్రూజో స్టేషన్‌కి గంటా ఇరవై నిమిషాలు, అక్కడినుంచి బస్సు. ఆ స్టేషన్ పొలాల మధ్య ఉంటుంది, చుట్టూ ఊరు లేదు. బస్సు తప్పితే గంటల తరబడి కూర్చోవాలి, లేదా టాక్సీకి బోలెడు పోయాలి. కాబట్టి ముందు బస్సు వేళ చూసి, దానికి సరిపడే రైలు కొనాలి. ఆదివారం బస్సులు ఇంకా తక్కువ. బుధవారం చేరి, గురువారం రాత్రి ప్రార్థనలో గడిపి, శుక్రవారం పూజ చూసుకుని బయల్దేరడం సరైన లెక్క. యాత్రికుల వసతి గృహాలు శుభ్రంగా, నిరాడంబరంగా ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో ఇమ్మానుయేల్ సమాజం అనే కతోలిక సంఘం సమావేశాలకి కుటుంబాలతో జనం వస్తారు, పడకలు నెలల ముందే నిండుతాయి. నిశ్శబ్దం కోరేవాళ్లు మే, జూన్, సెప్టెంబరుల్లో వెళ్లాలి.

లూర్దు వేరే లోకం. గుణదల తిరునాళ్ల ముగిసే ఫిబ్రవరి 11, 1858లో ఇక్కడి గుహలో బెర్నదెత్ అనే అమ్మాయికి మరియమాత మొదటి దర్శనం కలిగిన రోజే. అందుకే తెలుగు కతోలికులకి ఆ ఊరు కొత్తగా అనిపించదు. అయితే ఒంటరి నిశ్శబ్దం కోరి వెళ్లే చోటు కాదిది. ఇక్కడి ఆరాధన రోగులతో కలిసి చేసేది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా రోజూ సాయంత్రం అయిదింటికి సత్ప్రసాద ప్రదక్షిణం నది అవతలి పచ్చిక నుంచి బయల్దేరి, భూగర్భంలోని పునీత పదవ పయస్ బసిలికా చేరుతుంది. అక్కడ గురువు సత్ప్రసాదాన్ని చేతపట్టి, చక్రాల కుర్చీల వరసల మధ్య నడుస్తూ ఆశీర్వదిస్తారు. లోపలికి దిగేది వాలు దారి, మెట్లు కావు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ, తాతయ్యలను తీసుకెళ్లాలంటే మూడింటిలో మొదటి ఓటు లూర్దుకే. నాలుగుంబావుకే చేరుకుంటే కూర్చోవడానికి చోటు, తోయడానికి సేవకులు దొరుకుతారు.

ఒంటరిగా కూర్చోవాలంటే గావ్ నది అవతలి గట్టుకి, ఆరాధన చాపెల్‌కి పోవాలి. గుహ దగ్గర గుంపులు క్యూలో ఉండే పగటివేళ అక్కడ జనం పలచగా ఉంటారు. రాత్రి తొమ్మిదింటికి దివ్వెల ప్రదక్షిణం. హోటల్లో భోజనం ఏడింటికే పెట్టమని ముందే చెప్పాలి, లేకపోతే రెంటిలో ఒకటి పోతుంది. నవంబరు నుంచి మార్చి దాకా చాలా హోటళ్లు మూసేస్తారు, రోజువారీ ప్రదక్షిణాలూ ఉండవు. ఫిబ్రవరి 11కి వెళ్లేవాళ్లు గది చాలా ముందుగా చూసుకోవాలి. పారిస్ మోంపార్నాస్ నుంచి రైల్లో దాదాపు అయిదు గంటలు. పారే నుంచి లూర్దుకి నేరుగా రైలు లేదు, ఒక రోజు ప్రయాణానికే కేటాయించాలి. గుహ కుళాయిల నీళ్లు ఉచితం, సీసాలు మాత్రం చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి, చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో తీసేస్తారు.