పగడపు దిబ్బ ఆరోగ్యం చూడటానికి ఏది మేలు: రంగుల కార్డా, వంద మీటర్ల టేపా, చేపల లెక్కా?

స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ చేతికొచ్చి ముప్పై నలభై డైవ్‌లు అయ్యాక చాలామందికి ఒక కోరిక పుడుతుంది. ఎలాగూ అదే పగడపు దిబ్బ మీదకి మళ్లీ మళ్లీ దిగుతున్నాం, చూసి సంతోషించి పైకి రావడమేనా, అక్కడి పగడాలు ఎలా ఉన్నాయో రాసిపెడితే రేపు ఎవరికైనా పనికొస్తుంది కదా అని. నాకూ అలాగే మొదలైంది. తీరా ఏం రాయాలి, ఎలా రాయాలి అని వెతికితే వాలంటీర్ డైవర్ల కోసమే తయారైన పద్ధతులు నాలుగైదు కనబడ్డాయి, దేనికది బాగానే ఉంది. వాటిలో మూడింటితో నేను నీళ్లలో పని చేశాను కాబట్టి ఆ మూడింటి గురించే చెబుతాను. నా ఓటు దేనికో ముందే చెప్పేస్తా: మీకు ఒకే దిబ్బ, మాట మీద నిలబడే నలుగురు మనుషులు ఉంటే టేపు. లేకపోతే జవాబు మారుతుంది.

ముందు రంగుల కార్డు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్లు 2002లో కోరల్‌వాచ్ పేరుతో మొదలుపెట్టిన పద్ధతి ఇది. చిన్న ప్లాస్టిక్ కార్డు, నాలుగు అంచుల వెంట నాలుగు రంగులు, వాటికి బి, సి, డి, ఇ అని పేర్లు, ఒక్కో రంగులో 1 నుంచి 6 దాకా మెట్లు. 1 అంటే దాదాపు తెలుపు, 6 అంటే బాగా ముదురు. ఒక పగడాన్ని ఎంచుకుని, దాని మీద అన్నిటికంటే లేతగా ఉన్న చోటికి కార్డును దగ్గరగా, తగలకుండా పట్టుకుని ఏ గడికి సరిపోతుందో రాయాలి, తర్వాత అన్నిటికంటే ముదురుగా ఉన్న చోట అదే పని చేయాలి. డి2, డి5, అంతే. ఆ పగడం కొమ్మలుగా ఉందా, బండలా గుండ్రంగా ఉందా, పళ్లెంలా పరుచుకుందా, మెత్తటి రకమా అన్నది కూడా రాసుకుంటే ఒక పగడం పని అయిపోయినట్టే. ఇలా ఒక డైవ్‌లో కనీసం ఇరవై చూడమంటారు.

ఇంత సులువైన పనికి విలువేంటి అంటే, పగడానికి ఉండే గోధుమ, ఆకుపచ్చ ఛాయలు చాలావరకు దాని సొంతం కావు, దాని కణజాలంలో కాపురం ఉండే సూక్ష్మమైన ఆల్గేవి. పగడానికి తిండిలో ఎక్కువ భాగం పెట్టేది కూడా అవే. నీళ్లు మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడం వాటిని బయటికి పంపేస్తుంది, పారదర్శకమైన కణజాలం కింద తెల్లటి సున్నపు అస్థిపంజరం కనబడుతుంది. అదే బ్లీచింగ్. కార్డు మీద రెండు మెట్ల తేడా వచ్చిందంటే లోపల ఆల్గే నిజంగానే తగ్గిందో పెరిగిందో అన్నమాట. ఇంకో మంచి విషయం, నీళ్లలో అయిదారు మీటర్లు దిగేసరికే ఎరుపు మాయమై అన్నీ నీలంగా కనబడతాయి కదా, అయినా కార్డూ పగడమూ ఒకే వెలుతురులో ఉంటాయి కాబట్టి పోలిక చెడదు. ఫోటో తీసుకుని ఇంటికొచ్చి రంగు చూద్దాంలే అనుకుంటే మాత్రం మోసపోతాం.

దీనికి తిప్పలు రెండు. కొమ్మల పగడం పెరిగే కొసలు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి, కొత్తవాళ్లు అక్కడే కొలిచి కంగారు పడతారు. రెండోది ఇంకా ముఖ్యం: మన కన్ను తెల్లటి పగడం దగ్గరికే పోతుంది. ఇరవైలో పదిహేను అలా ఎంచుకుంటే దిబ్బంతా చచ్చిపోతున్నట్టు లెక్క తేలుతుంది. కాళ్లకు తొడిగే ఫిన్‌లతో ఐదు తన్నులు తన్నాకోసారి ఆగి, అక్కడికి దగ్గరగా ఉన్న పగడాన్నే తీసుకోవడం మేము పెట్టుకున్న నియమం. పైగా కార్డు చెప్పేది బతికున్న పగడాల రంగు మాత్రమే. దిబ్బలో ఎంత భాగం పగడం, ఎంత భాగం రాయి, చేపలున్నాయా లేవా అంటే దాని దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు టేపు దగ్గర ఉంది. సముద్ర జీవావరణ శాస్త్రవేత్త గ్రెగర్ హాడ్జ్‌సన్ 1996లో మొదలుపెట్టిన రీఫ్ చెక్ పద్ధతి అసలు వాలంటీర్ల కోసమే పుట్టింది, 1997లో మొదటి ప్రపంచ సర్వే కూడా చేసేశారు. ఒకే లోతులో వంద మీటర్ల టేపు పరుస్తారు, రెండు నుంచి ఆరు మీటర్ల లోతులో ఒకటి, ఆరు నుంచి పన్నెండు మధ్య ఇంకొకటి. ఆ వంద మీటర్లలో ఇరవై మీటర్ల ముక్కలు నాలుగు, మధ్యలో అయిదేసి మీటర్లు వదిలేస్తారు. టేపు పరిచాక ఓ పదిహేను నిమిషాలు దూరంగా ఉండాలి, మన అలికిడికి దాక్కున్న చేపలు బయటికి రావాలి కదా. తర్వాత చేపలు లెక్కపెట్టే జంట అయిదు మీటర్ల వెడల్పున నెమ్మదిగా పోతుంది. అన్ని చేపలూ కాదు, ముప్పై సెంటీమీటర్లు దాటిన గ్రూపర్లు, ఇరవై దాటిన చిలుక చేపలు, స్నాపర్లు, సీతాకోకచిలుక చేపలు లాంటి కొన్నే. ఆ ఎంపికలోనే తెలివంతా ఉంది. గ్రూపర్లు కనబడకపోతే వేట మితిమీరిందని అనుమానించాలి, సీతాకోకచిలుక చేపలు తగ్గితే అక్వేరియంల కోసం పట్టుకుపోతున్నారేమో చూడాలి. ఇంకో జంట నేల మీద సీ అర్చిన్లు, లాబ్‌స్టర్లు, సముద్ర దోసకాయలు, పగడాలను తినేసే ముళ్ల కిరీటం నక్షత్ర చేపలు లెక్కపెడుతుంది.

చివరికి అరమీటరుకో చుక్క. దారానికి కట్టిన చిన్న బరువును టేపు మీద నుంచి వదులుతారు, అది తగిలిన చోట ఏముందో రాస్తారు: గట్టి పగడం, మెత్తటి పగడం, ఈమధ్యే చచ్చిన పగడం, మురుగు ఎరువులకు బలిసే ఆల్గే, స్పాంజ్, రాయి, ముక్కలు, ఇసుక, బురద. ముక్కకు నలభై చుక్కలు, టేపు మొత్తానికి నూట అరవై.

వినడానికి తేలికే. మా టీంలో ఇద్దరం ఒకసారి ఒకే ముక్క మీద ఒకరి వెనక ఒకరు వెళ్లి పైకొచ్చి నీళ్లలో రాసుకున్న పలకలు పోల్చుకుంటే కలవలేదు. పడవ అంచున కూర్చుని చుక్క చుక్కా చూసుకుంటే తేడా అంతా ఒక్క దాని దగ్గరే వచ్చింది, కొమ్మల పగడం నిలబడే ఉంది, మీద పల్చటి ఆకుపచ్చ పొర. ఆయన ఈమధ్యే చచ్చిన పగడం అని రాశాడు, నేను రాయి అని రాశాను. పద్ధతి ప్రకారం చచ్చి ఏడాది లోపయితేనే ఈమధ్యే చచ్చినది, పగడాన్ని కట్టే చిన్న జీవులు, అంటే పాలిప్‌లు, ఉండే చిన్న చిన్న గుంటల అచ్చు ఇంకా స్పష్టంగా కనబడాలి. నేను గుంటలు చూడకుండా రాశాను, ఆయనదే కరెక్ట్. అలాగే బ్లీచ్ అయి తెల్లబడినది బతికే ఉంటుంది కాబట్టి దాన్ని గట్టి పగడం కిందే రాయాలి, చచ్చినదాని కింద కాదు. ఈ రెండూ నేర్చుకోకుండా టేపు పట్టుకుంటే ఆ కాగితం పనికిరాదు, అందుకే ట్రైనింగ్ తప్పనిసరి.

ఇంకో లెక్క కూడా చూడండి. నూట అరవై చుక్కల్లో ఒక్కటంటే 0.6 శాతం. నిరుడు కంటే పగడం మూడు శాతం తగ్గింది అంటే అయిదు చుక్కలు తగ్గినట్టు, ఆ అయిదు చుక్కలు టేపు కాస్త పక్కకి జరిగినా తగ్గుతాయి. కాబట్టి మొదలుపెట్టే చోటు గుర్తు, దిక్సూచి చూపే దిశ, లోతు, నెల మారకూడదు, ఒక్క ఏడాది తేడా చూసి కేకలు పెట్టకూడదు. కష్టం ఎక్కువే, కానీ అయిదారేళ్లు ఆగితే దిబ్బ ఎటు పోతోందో చెప్పగలిగేది ఈ మూడింటిలో ఇదొక్కటే.

చేపల లెక్క దారి వేరు. ఫ్లోరిడాలోని రీఫ్ అనే సంస్థ 1993 నుంచి నడుపుతున్న వాలంటీర్ ఫిష్ సర్వేలో టేపూ లేదు, గడులూ లేవు. మీకు నచ్చినట్టు ఈదండి, కచ్చితంగా గుర్తుపట్టిన ప్రతి చేప పేరూ రాయండి, పక్కన ఒకటా, రెండు నుంచి పదా, పదకొండు నుంచి వందా, వంద దాటాయా అని గుర్తు పెట్టండి. అనుమానం ఉన్నది రాయకూడదు. నాకు మనసుకి బాగా నచ్చిన పద్ధతి ఇదే, ఎందుకంటే చేపల పేర్లు వచ్చాక దిబ్బ ఇంకోలా కనబడుతుంది. వేరే సముద్రం నుంచి వచ్చిపడ్డ లయన్‌ఫిష్ ఎక్కడిదాకా వ్యాపించింది లాంటి ప్రశ్నలకు ఇలాంటి వేల డైవ్‌ల లెక్కలే ఆధారం. కానీ పగడం గురించి ఒక్క ముక్కా చెప్పదు, అదీగాక మీరు రాసిన పది డైవ్‌లతో మీ దిబ్బ గురించి తేలేదీ తక్కువే, చాలామంది చాలాసార్లు రాస్తేనే బలం. ఏడాదికో చోట డైవ్ చేసేవాళ్లకి మాత్రం ఇంతకంటే మంచి పని లేదు.

ఇద్దరే ఉన్నారా, నీళ్లలో కదలకుండా నిలబడటం ఇంకా పూర్తిగా రాలేదా, కార్డుతో మొదలుపెట్టండి. అది కూడా పగడానికి తగలకుండా ఆగగలిగితేనే, లేకపోతే లోతు తక్కువ చోట స్నార్కెల్‌తో పై నుంచి చూడండి. లెక్క రాయడానికి వెళ్లి ఫిన్‌తో కొమ్మ విరిచి వచ్చిన డైవర్‌ని చూశాను, ఆ కొమ్మ మళ్లీ అంత పెరగడానికి ఏళ్లు పడుతుంది. నలుగురు ఉంటే టేపు ఏడాదికి ఒకటి రెండుసార్లు, నీళ్లు వేడెక్కే నెలల్లో రెండు వారాలకోసారి కార్డు. ఈ జంట నాకు బాగా కుదిరింది, ఎందుకంటే బ్లీచింగ్ వారాల్లో వచ్చి వారాల్లో తేలిపోతుంది, ఏడాదికోసారి పరిచే టేపుకి అది దొరక్కపోవచ్చు. తెల్లబడ్డ పగడం మళ్లీ రంగు తెచ్చుకుందా, చచ్చి నాచు పట్టిందా అన్నది మధ్యలో ఎవరైనా చూస్తేనే తెలుస్తుంది. 2024 ఏప్రిల్‌లో నాలుగో ప్రపంచవ్యాప్త బ్లీచింగ్ అని ప్రకటించాక మేము కార్డు డైవ్‌లు మానలేదు, అన్నిటికంటే పనికొచ్చిన కాగితాలు అవే.

ఒక్కటి మాత్రం ఏ పద్ధతిలోనైనా చేయండి. పడవ ఎక్కగానే, తడి ఆరకముందే పలక ఫోటో తీసుకోండి, తేదీ, లోతు, నీటి వేడి పక్కనే రాయండి. పెన్సిల్ రాత వేళ్ల రాపిడికి చెరిగిపోతుంది, సాయంత్రానికి డి2 రాశామో డి3 రాశామో ఎవరికీ గుర్తుండదు.