ఫ్రీ వకీలంటే పురుగుల బియ్యం అనుకున్న

నల్లగొండ కోర్టుల జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చే ఉచిత వకీలు గురించి రాస్తున్న. ఐదుకు ఐదు ఇస్త. వకీలు మేడం పేరు రాయను, నాదీ రాయను.

పానగల్లుల మిషన్ కుడత నేను. పోయిన బతుకమ్మకు ముందు టౌన్‌ల ఒక పెద్ద దుకాణంల 780 రూపాయల కిరాణా సామానుకు బిల్లు కట్టి, ఉల్లిగడ్డల కింద పిల్ల లంగా జాకెట్టు ఒకటి పెట్టుకొని బయటికొచ్చిన. 1,249 రూపాయలది. ఎందుకు చేసినవంటే నా దగ్గర జవాబు లేదు. గేటు కాడ మిషన్ మోగింది. లోపల రూంల కూసోబెట్టి ఫొటోలు తీసిన్రు. "పది రెట్లు కట్టు, వదిలేస్తం" అన్నరు. అంటే 12,490! నెలంతా కుట్టినా అంత మిగలదు. నా తోని కాదంటే పోలీసోళ్ళను పిలిచిన్రు.

అరెస్టు చెయ్యలే. కొన్ని దినాలకు సమన్లు వచ్చినయ్. నాకు జైలు కంటే మహిళా సంఘంల తెలుస్తదనే భయం ఎక్కువుండె. తెలిస్తే మల్ల నాకు లోన్ ఎవరిప్పిస్తరు?

కోర్టు బయట చాయ్ బండి కాడ ఒకాయన తగిలిండు. "ఐదు వేలియ్యి. తప్పు ఒప్పుకున్న అని చెప్పు, గంటల ఇంటికి పోతవ్." పైసలు తీసేదాన్నే. పక్కన పేషీకొచ్చిన పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆడోళ్ళకు లోపల్నే ఫ్రీ వకీలును ఇస్తరు బిడ్డా, ఆయనకెందుకిస్తవ్?" ఫ్రీ అంటే పురుగుల బియ్యం లెక్కనే అనుకున్న, అయినా పోయిన.

దరఖాస్తు, ఆధార్ జిరాక్స్, సమన్ల జిరాక్స్, అంతే. ఆదాయం సర్టిఫికెట్ అడగలే. ఆడోళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీల ఉన్నోళ్ళకు ఆదాయంతోని పని లేదని 1987 న్యాయ సేవల చట్టంలనే ఉందట. ముందుగాల ఫోన్ చేసి అడగాలంటే 15100.

మేడం మొదలు సెక్షన్ చూసింది. కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహితల 305 పెడితే, అంటే సామాను దాచే బిల్డింగుల దొంగతనమంటే, ఏడేండ్ల దాకా శిక్ష, రాజీకి దారి లేదు. నాది 303(2), అంటే మామూలు దొంగతనం. సామాను 5,000 లోపుది కాబట్టి బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగ దొరుకుతది. మొదటిసారి అయ్యి, వస్తువు వాపసిస్తే సమాజ సేవే శిక్షట.

"అయితే ఒప్పుకుంట మేడం, ఏడ ఊడ్వమంటే ఆడ ఊడుస్త" అన్న.

"ఊడుస్తవు గని, శిక్ష పడ్డట్టే కద. రేపు ఎవరన్న నీ మీద కేసున్నదా అంటే ఏం చెప్తవ్? దుకాణమోళ్ళు రాజీకొస్తే నిర్దోషివని కొట్టేసినట్టే లెక్క. ముందు అది చూద్దాం."

చాయ్ బండి ఆయన ఈ ముచ్చట చెప్పలే. ఐదు వేలకు దోషి అనే పేరు కొనుక్కుందునేమో.

ఇంకోటి కూడ చెప్పాలె. మొదటి రోజు నేను మేడంకు అబద్ధం చెప్పిన, పిల్లనే సంచిల ఏసిందని. ఆమె పెన్నుకు మూత పెట్టి టేబుల్ మీద పెట్టింది. "నాతోనే ఇట్ల చెప్తే, జడ్జి ముందట నేనేం మాట్లాడాలె?" తిట్టలే. నేను ఏడ్చి, మొత్తం చెప్పినంకనే మల్ల పెన్ను తీసింది. కిరాణా బిల్లు దాచిపెట్టిన అంటే మాత్రం సంతోషపడ్డది. నిర్దోషినని దాంతో తేలదు గని, పైసలు కట్టే సామాను కొన్ననని తెలుస్తదట.

పేషీ ముందు రోజు నిలబెట్టి నేర్పించింది. పేరు పిలిస్తే "హాజర్ సార్" అనాలె, అడిగినదానికే జవాబియ్యాలె, ఫోన్ బంద్ చెయ్యాలె. వాయిదాకు రాకుంటే వారెంటే, పెండ్లున్నా జరమొచ్చినా ముందు వకీలుకు చెప్పాలె. పదింటికే పోయి కూసున్న, పేరు పిలిచేసరికి ఒంటిగంట. ఆ రోజు కుట్టుకూలి పోయింది. అట్ల నాలుగు రోజులు పోయినయ్, ఇది ముందే లెక్కేసుకోండ్రి.

దుకాణం మేనేజర్‌తోని మేడమే రెండుసార్లు మాట్లాడింది. పది రెట్ల ముచ్చట మల్ల ఎవరూ ఎత్తలే. లోక్ అదాలత్ నాడు ఆయనొచ్చిండు, నేను చేతులు జోడించి తప్పయిందన్న, ఇద్దరం సంతకాలు పెట్టినం. దాని మీద ఇంక అప్పీలు ఉండదట. వకీలుకు ఒక్క రూపాయి ఇయ్యలే. మిఠాయి డబ్బా తీస్కపోతే మేడం వాపసు పంపింది.

మేనేజర్ ఆ లంగా జాకెట్టు కవర్ల నుంచి తీసి సరిచూసుకుంటుంటే నేనూ చూసిన. చంక కాడ కుట్టు పిగిలింది. లైనింగ్ లేదు. అంచుకు దారం అట్లనే ఏలాడుతుంది. ఆ పనికి 1,249 రూపాయలట!