24 సొరుగుల క్రిస్మస్ క్యాలెండర్: గిఫ్టుల తగువున్న ఇంటికి పనికొస్తుందా?

ముందే చెప్పేస్తాను. వస్తువు మంచిదే, పనితనం ఓ మోస్తరు, సొరుగులు మాత్రం ఫొటోలో కనిపించినంత పెద్దవి కావు. అడ్వెంట్ క్యాలెండర్ పేరుతో అమ్ముతారు దీన్ని. ఇల్లు ఆకారంలో ఒక ప్లైవుడ్ పెట్టె, ముందువైపు 24 చిన్న సొరుగులు, ఒక్కోదాని మీద ఒక్కో అంకె, కప్పు అంచున బుల్లి లైట్లు. డిసెంబరు 1 నుంచి రోజుకొక సొరుగు తెరిచి అందులో ఉన్నది తీసుకోవాలి. అట్టతో చేసినవైతే ఒక్క ఏడాదికే సరి. ఇది చెక్కది కాబట్టి ఏటా మళ్ళీ నింపుకోవచ్చు.

నేను అందం చూసి కొనలేదు. క్రిస్మస్ గిఫ్టులు ఎప్పుడు విప్పాలన్న దాని మీద మా ఇంట్లో ఏటా జరిగే తగువు కాస్త చల్లారుతుందేమోనని కొన్నాను. మా పుట్టింట్లో 24 రాత్రి పన్నెండు కొట్టగానే విప్పేసేవాళ్ళం. నిద్రకళ్ళతో, కాగితాలు చింపుకుంటూ, ఎవరికి ఏం వచ్చిందో తెలియనంత గోలలో. అత్తయ్య దగ్గర అది నడవదు. ఆవిడ పద్ధతిలో 25 ఉదయం ఆరాధన అయ్యి, అందరూ ఇంటికొచ్చి, చెట్టు చుట్టూ కూర్చున్నాకే. అదీ ఒకరి తర్వాత ఒకరు, అందరికంటే చిన్నవాళ్ళతో మొదలుపెట్టి. ఒకరు విప్పుతుంటే మిగతావాళ్ళు చూడాలి. టేపు గోటితో ఊడదీయాలి, కాగితం చిరగకూడదు, మడతపెట్టి పక్కన పెట్టాలి. మామయ్య వంతు వచ్చేసరికి పిల్లలు సగం చచ్చి ఉంటారు. మా ఆయన్ని అడిగితే "మీరిద్దరూ తేల్చుకోండి" అంటారు. అంటే ఏమీ తేలదన్నమాట.

ఈ పెట్టె ఆ తగువులో మధ్యవర్తిగా ఉంటుందనుకున్నాను. కానీ దానికీ ఒక పక్షం ఉంది. అందులో 25 అంకె లేదు. 24తో ఆగిపోతుంది.

దానికి కారణం అది పుట్టిన చోటులో ఉంది. 19వ శతాబ్దంలో జర్మనీలోని ప్రొటెస్టెంట్ కుటుంబాలు తలుపు మీద సుద్దతో గీతలు గీసి, రోజుకొకటి చెరుపుతూ పండగ కోసం ఎదురుచూసేవారు. 20వ శతాబ్దం మొదట్లో మ్యూనిక్‌లో గెర్హార్డ్ లాంగ్ అనే ప్రచురణకర్త ఆ లెక్కను కాగితం మీద అచ్చేసి అమ్మకానికి పెట్టాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ అట్టముక్కకు 24 మిఠాయిలు గుచ్చి ఇచ్చేదని, ఆలోచన అక్కడే పుట్టిందని చెబుతారు. జర్మనీలో గిఫ్టులు విప్పేది 24 సాయంత్రం. పిల్లల్ని బయటే ఉంచి, తలుపు మూసి, లోపల చెట్టు కింద అన్నీ సర్ది, చిన్న గంట మోగించాకే లోపలికి రానిస్తారు. ఆ గంట మోగే రోజుతో లెక్క పూర్తయిపోతుంది కాబట్టి వాళ్ళకు 25వ సొరుగుతో పనే లేదు. అత్తయ్య లాంటివాళ్ళున్న ఇంట్లో మాత్రం చివరి సొరుగుకూ చెట్టు కింద గిఫ్టులకూ మధ్య ఒక రాత్రంతా మిగిలిపోతుంది. పిల్లలు ఆ రాత్రే ఎక్కువ గొడవ చేస్తారు.

మామయ్యది ఇంకో అభ్యంతరం. చర్చి లెక్క ప్రకారం ఆగమన కాలం, అంటే ఈ క్యాలెండర్ పేరులో ఉన్న అడ్వెంట్, మొదలయ్యేది క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారం. అది నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య ఎప్పుడైనా పడొచ్చు. 2023లో డిసెంబరు 3న పడింది, 2025లో నవంబరు 30న. పెట్టె మాత్రం ఏ ఏడాదైనా డిసెంబరు 1నే మొదలుపెడుతుంది. "తయారు చేసినవాడికి ఆదివారాలతో పని లేదమ్మా" అన్నారు ఆయన. నిజమే, కానీ ఏటా సొరుగుల సంఖ్య మార్చుకుంటూ పోతే పెట్టె ఎవరు చేస్తారు?

ఇక వస్తువు సంగతి. ప్యాకింగ్ విప్పగానే వార్నిష్ వాసన గుప్పుమంటుంది. గాలి తగిలేలా కొన్ని రోజులు బయట పెడితే గానీ పోలేదు కాబట్టి నవంబరు చివర్లో కొని అప్పటికప్పుడు నింపేద్దామనుకోకండి. సొరుగులన్నీ ఒకే కొలత, ఒక్కోటి లోపల అగ్గిపెట్టెకు రెట్టింపు ఉంటుందేమో. ఫొటోలో 24వ సొరుగు మధ్యలో పెద్దదిగా కనిపించింది. చేతికొచ్చినదాంట్లో అదీ అందరిలాంటిదే. అంకెలు వరుసగా ఉండవు, కలగాపులగంగా ఉంటాయి. ఇది తప్పు కాదు, ఇలాంటివన్నీ ఇలాగే చేస్తారు. పొద్దున్నే పిల్లలు ఆ రోజు అంకె వెతుక్కోవడంలోనే సగం సరదా. సొరుగులు ఒకే కొలత కాబట్టి కావాలంటే మీరూ చోట్లు మార్చి పెట్టవచ్చు. మరుసటి ఏడాది నేను అదే చేశాను. అంకె ఎక్కడుందో గుర్తుపెట్టుకున్న పెద్దాడి ముఖం చూడాలి.

కొన్ని సొరుగులు బిగుసుకుని ఉన్నాయి. 7వ నంబరుదైతే లాగితే కీచుమని అరుస్తుంది, పిడి చేతిలోకి ఊడొచ్చింది కూడా. చెక్కజిగురు ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేస్తే పిడి నిలబడింది. బిగువుకైతే సొరుగు పక్కలకూ అడుగుకూ కొవ్వొత్తి రుద్దండి, జారుడుగా వస్తుంది. నేను మాత్రం ఆ 7వదానికి రుద్దలేదు. పెట్టెకు తాళం లేదు, దొంగచాటుగా సొరుగులు లాగేవాళ్ళని పట్టివ్వడానికి ఆ కీచు చాలు.

తాళం లేకపోవడం నిజంగా లోపమే. అన్నీ ఒకేసారి నింపి పెడితే పిల్లలు ఊరుకుంటారా? చిన్నది మొదటి వారంలోనే అన్ని సొరుగులూ ఊపి చూసి, దేనిలో ఏముందో చప్పుడును బట్టి చెప్పేస్తోంది. చెట్టు కింద గిఫ్టులకు కనీసం కాగితం అడ్డం ఉంటుంది, కదిపితే గరగరమంటుంది. ఇక్కడ అడ్డం ఏమీ లేదు. అందుకని రాత్రి వాళ్ళు పడుకున్నాక మర్నాటి సొరుగు ఒక్కటే నింపుతున్నాను. అది రోజూ ఒక డ్యూటీ. మర్చిపోయే అలవాటున్నవాళ్ళకు ఈ పెట్టె టెన్షనే.

లైట్లు నాణెం ఆకారంలో ఉండే బటన్ బ్యాటరీలతో పనిచేస్తాయి. బ్యాటరీల మూతకు స్క్రూ ఉంది, దీనికి పూర్తి మార్కులు. చిన్నపిల్లలు బటన్ బ్యాటరీ మింగితే లోపల కాలి పుండు పడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. స్క్రూ లేకుండా వేలితో ఊడొచ్చే మూత ఉన్నది ఎంత అందంగా ఉన్నా కొనకండి.

లోపల ఏం పెట్టాలన్నదే అసలు తలనొప్పి. రోజూ చాక్లెట్ పెడితే డిసెంబరు సగానికే పళ్ళ డాక్టరు గుర్తొస్తాడు. రోజూ బొమ్మ పెడితే 25కి పెద్ద గిఫ్టు విలువ పోతుంది. ఐస్‌లాండ్ పిల్లలు డిసెంబరు 12 నుంచి 13 రాత్రులు కిటికీలో బూటు పెడతారట, అక్కడి జానపద కథల్లోని అల్లరి యూల్ కుర్రాళ్ళలో రాత్రికొకడు వచ్చి అందులో చిన్నదేదో వేసి పోతాడు, అల్లరి చేసినవాళ్ళకు కుళ్ళిన బంగాళదుంప. చిన్నదేదో అన్న మాట పట్టుకున్నాను నేను. 48 ముక్కల జిగ్సా పజిల్ కొని సొరుగుకు రెండేసి ముక్కలు వేశాను. బొమ్మ ఏమిటో చెప్పలేదు, డబ్బా దాచేశాను. నడిమధ్యకొచ్చేసరికి అది ఒంటె అని ఒకడు, గాడిద అని ఇంకొకతె పందేలు. 24న చివరి రెండు ముక్కలు పెట్టాకే సంగతి తేలింది. మధ్యమధ్యలో చీటీలు కూడా పెట్టాను: 'ఈ రాత్రి అరగంట ఆలస్యంగా పడుకోవచ్చు' లాంటివి. నేను పెట్టిన వస్తువులన్నిటికంటే ఆ చీటీలకే గిరాకీ ఎక్కువ.

మరుసటి ఏడాది యేసు పుట్టిన పశువుల తొట్టి బొమ్మలు ప్రయత్నించాను. ఒక రోజు గొర్రె, ఒక రోజు కాపరి, ఒక రోజు గాడిద, అలా తీసి పక్కన పేర్చుకుంటూ పోయి, 24న బాల యేసు. తొట్టి ఆ రాత్రిదాకా ఖాళీగా ఉంచడం చాలా ఇళ్ళల్లో ఉన్న పద్ధతే కాబట్టి ఇది అత్తయ్యకు బాగా నచ్చింది. సొరుగు కొలతకు మాత్రం అన్నీ నప్పవు. కాపరి చేతికర్ర అడ్డం వచ్చి సొరుగు మూతపడలేదు, ఒంటెను మూలగా పడుకోబెట్టాల్సి వచ్చింది. బాల యేసును చూడటానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానుల దగ్గర మామయ్య మళ్ళీ అడ్డుపడ్డారు. వాళ్ళు రావాల్సింది జనవరి 6న, ఈ పెట్టెలో ఎందుకున్నారని. ఆ ముగ్గుర్నీ తీసి అల్మరాలో పెట్టేశాం.

ఇద్దరు పిల్లలుంటే ఇంకో చిక్కు. బేసి అంకెలు ఒకరికి, సరి అంకెలు ఒకరికి అనుకుంటే చెరి 12 వస్తాయి, లెక్క బాగానే ఉంది. కానీ 24 సరి సంఖ్య! మొదటి రోజు దక్కిన పెద్దాడు సంతోషంగానే ఉన్నాడు, 23 దాకా. ఆ తర్వాత ఇల్లు పీకి పందిరేశాడు. ఏటా బేసి, సరి మార్చుకోవాలని రాసి పెట్టె వెనక అంటించాం. ముగ్గురైతే తలా 8 వస్తాయి, చివరి రోజు గొడవ మాత్రం తప్పదు.

మరి అసలు తగువు ఏమైంది? నేను పెట్టెను పట్టుకుని జర్మనీ పద్ధతి చెప్పి చూశాను. పోలండ్‌లో 24 సాయంత్రం ఆకాశంలో తొలి చుక్క కనిపించాక భోజనానికి కూర్చుంటారని, ఆ తర్వాత గిఫ్టులని చెప్పాను. బ్రిటన్‌లో మామూలు జనం 25న విప్పినా, అక్కడి రాజకుటుంబం సాండ్రింగ్‌హామ్‌లోని తమ భవనంలో 24 సాయంత్రమే విప్పుతుందని, అది వాళ్ళ జర్మన్ పూర్వీకుల అలవాటని కూడా చెప్పాను. "రాజుగారు మన ఆరాధనకు వస్తున్నారా ఏమిటి?" అన్నారు అత్తయ్య. స్పెయిన్ వాళ్ళు పెద్ద గిఫ్టుల కోసం జనవరి 6 ఉదయందాకా ఆగుతారని మా ఆయన మధ్యలో దూరి చెప్పారు. ఎవరి పక్షాన చెప్పారో ఆయనకే తెలియాలి. పిల్లలు మాత్రం హడలిపోయారు.

చివరికి ఒప్పందం 24వ సొరుగులోనే కుదిరింది. అందులో ఒక చీటీ పెడతాం. చెట్టు కింద ఉన్నవాటిలో ఏ ఒక్కటి ఆ రాత్రి విప్పుకోవచ్చో ఆ చీటీలో ఉంటుంది. చీటీ రాసేది అత్తయ్య. మిగతావన్నీ 25న, ఆరాధన తర్వాత, ఆవిడ పద్ధతిలోనే. పండగ ముందురోజు ఒక్క గిఫ్టు విప్పనివ్వడం చాలా కుటుంబాల్లో ఉన్నదే, మేమేం కొత్తగా కనిపెట్టలేదు. కానీ నేను అడిగితే పదేళ్ళయినా దొరకని అనుమతి సొరుగులోంచి వచ్చేసరికి ఆవిడకు అది ఆటగా అనిపించింది. ఎవరి దాంట్లో ఏముందో అన్నీ తెలిసినట్టు ముసిముసిగా నవ్వుతూ రాస్తారు. పెద్దాడికి కావాలనే మెత్తటి ప్యాకెట్టు, అంటే బట్టలు, రాశారు మొదటిసారి. వాడి ఏడుపు, ఆవిడ నవ్వు! ఇప్పుడు ఆ చీటీ కోసం పిల్లలు నెలంతా నాన్నమ్మ చుట్టూ తిరుగుతున్నారు.

రేటింగ్ అడిగితే ఐదుకు మూడున్నర. ఆలోచనకు ఐదూ ఇస్తాను, చెక్కపనికి రెండున్నరకు మించి ఇవ్వలేను. అమ్మినవాళ్ళకు ఊడిన పిడి సంగతి రాస్తే సమాధానం లేదు, అందుకని ఇంకో అర తగ్గించాను.

కొనాలనుకుంటే బయటి కొలతలు చూసి మోసపోకండి, సొరుగు లోపలి కొలత అడగండి. దాపరికం ముఖ్యమైతే మూతికి దారం కట్టే గుడ్డ సంచులది మేలు, ఎత్తైన బొమ్మలు కూడా పడతాయి, కానీ పిల్లలు తడిమి కనిపెట్టేస్తారు. పిల్లలు మరీ చిన్నవాళ్ళయితే ఒక ఏడాది అట్టది కొని చూడండి, రోజూ తెరిచే ఓపిక వాళ్ళకుందో, నింపే ఓపిక మీకుందో తెలుస్తుంది. జనవరిలో లోపలికి సర్దేముందు బ్యాటరీలు తీసేయండి, లేకపోతే కారి తుప్పు పడుతుంది. సొరుగులన్నీ ఒకసారి బయటికి లాగి చూడండి. మాదాంట్లో 15లో ఒక చాక్లెట్ ముక్క మిగిలిపోయి, చీమలు మాకంటే ముందే విప్పుకున్నాయి.