మిల్లింగ్ చేసిన టైటానియం ఫ్రేమ్‌వర్క్: ఒక ల్యాబ్ సేవపై సమీక్ష

నా రోగి ఒకరికి కింది దవడలో నాలుగు ఇంప్లాంట్లపై (ఎముకలో అమర్చే కృత్రిమ వేర్లపై) నిలిచే పూర్తి పలువరుస కోసం ఒక డెంటల్ ల్యాబ్‌తో టైటానియం ఫ్రేమ్‌వర్క్ చేయించాను. పళ్ల రంగు, మెరుపు బాగానే ఉన్నాయి. నేను పట్టి చూసింది లోపలి లోహపు చట్రాన్ని, ఎందుకంటే నమిలేటప్పుడు పడే భారం ఏ ఇంప్లాంట్‌కు ఎంత చేరుతుందన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

సహజమైన పంటి వేరుకూ ఎముకకూ మధ్య మెత్తని పొర ఉంటుంది కనుక భారం పడినప్పుడు పన్ను కొంత కదిలి సర్దుకుంటుంది. ఎముకతో నేరుగా కలిసిపోయిన ఇంప్లాంట్‌కు ఆ వెసులుబాటు లేదు. సరిగా కూర్చోని చట్రాన్ని స్క్రూలతో బలవంతంగా కిందికి లాగి బిగిస్తే, రోగి ఒక్క ముద్ద నమలకముందే స్క్రూలలోనూ ఎముకలోనూ ఒత్తిడి నిలిచిపోతుంది. అందుకే ముందుగా ఒక చివరి స్క్రూ మాత్రమే బిగించి అవతలి చివర పరీక్షించాను. ప్రోబ్ (సన్నని పరీక్షా సూది) మొనకు సందు తగలలేదు, ఎక్స్‌రేలోనూ చట్రానికీ అబట్‌మెంట్‌కూ (ఇంప్లాంట్‌ను చట్రంతో కలిపే భాగానికీ) మధ్య నల్లని గీత కనిపించలేదు. ఈ విషయంలో ల్యాబ్ పనితనానికి పూర్తి మార్కులు వేస్తాను.

అయితే, మిల్లింగ్‌కు (లోహపు దిమ్మను యంత్రంతో చెక్కడానికి) ముందు వచ్చిన మొదటి డిజైన్‌ను మాత్రం తిప్పి పంపవలసి వచ్చింది. చివరి ఇంప్లాంట్ దాటి వెనక్కి సాగే క్యాంటిలీవర్ మొదలయ్యే చోట, పళ్లకు చోటు కోసమని, చట్రం ఎత్తు తగ్గించారు. వెనక పళ్లతో నమిలినప్పుడు చట్రాన్ని వంచే బలం ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే. దీర్ఘచతురస్రపు కడ్డీ వెడల్పు సగమైతే దాని దృఢత్వం సగమవుతుంది, ఎత్తు సగమైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పొడవు రెట్టింపైన క్యాంటిలీవర్ కొన అదే బలానికి ఎనిమిది రెట్లు వంగుతుంది. గతంలో మరోచోట చేయించిన ఒక పోత చట్రం ఇలాంటి సన్నని మెడ దగ్గరే విరిగింది. ఆ రోగి విరిగిన ముక్కను కాగితంలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టిన రోజును నేను మరిచిపోలేదు. ఈ ల్యాబ్‌వారు వాదనకు దిగకుండా ఎత్తు పెంచి, పదునైన మూలలను గుండ్రంగా మార్చి, క్యాంటిలీవర్‌ను ఒక పన్ను మేర కుదించారు.

కుదుపును పీల్చుకుంటుందంటూ పీక్ అనే గట్టి ప్లాస్టిక్ (పాలిమర్) చట్రాన్ని కూడా సూచించారు, నేను ఒప్పుకోలేదు. టైటానియం యంగ్ గుణకం (పదార్థపు దృఢత్వానికి కొలత) సుమారు 110 గిగాపాస్కల్‌లు కాగా పీక్‌ది 3 నుంచి 4 మాత్రమే. అంత సులువుగా వంగే చట్రం భారాన్ని దూరపు ఇంప్లాంట్లకు పంచలేదు, కాబట్టి కొరికిన చోటికి దగ్గరున్న ఇంప్లాంట్ మెడ చుట్టూ ఎముకపైనే ఎక్కువ ఒత్తిడి పడుతుంది. ఎత్తుకు చోటు బాగా తక్కువైన దవడలో అయితే టైటానియం కంటే దృఢమైన కోబాల్ట్-క్రోమియం అడుగుతాను.

నా ఫిర్యాదు ఒక్కటే. ఆమోదం కోసం పంపే త్రీడీ చిత్రంలో అడ్డుకోత కొలతలు ఉండవు, అడిగి తెప్పించుకోవాలి. చివరి స్క్రూ రంధ్రం వెనక చట్రం ఎత్తు, వెడల్పు ఎంతో మొదటి ఫైల్‌లోనే రాసి ఉంటే, ఇప్పుడీ పలువరుస పెట్టించుకున్న రోగి తాత్కాలిక పళ్లతో మరో వారం గడపవలసి వచ్చేది కాదు.