వెనక వచ్చే వాహనాన్ని ముందే చెప్పే లైటు: గార్మిన్ వేరియా ఆర్‌టీఎల్515

వెనక నుంచి దూసుకొచ్చే వాహనమంటే సైకిల్ తొక్కేవారికి ఎంత భయమో తెలిసిందే. ఆ భయాన్ని తగ్గించడానికి గార్మిన్ సంస్థ 2020లో తెచ్చిన వేరియా ఆర్‌టీఎల్515 చూడడానికి సీటు కింది కడ్డీకి బిగించుకునే ఎర్రలైటే కానీ, లోపలున్న రాడార్ 140 మీటర్ల దూరంలోనే వాహనాన్ని పసిగట్టి, హ్యాండిల్ మీది సైకిల్ కంప్యూటర్‌కో (వేగం, దూరం చూపే చిన్న తెర) ఫోన్‌కో ఆ సంగతి చేరవేస్తుంది. తెర అంచున ఒక చుక్క కింది నుంచి పైకి కదులుతూ వాహనం ఎంత దగ్గరపడిందో చూపుతుంది. మరీ వేగంగా వస్తుంటే రంగు ఎరుపుకు మారుతుంది.

వాహనాలు పలచగా తిరిగే శివారు రోడ్డు మీద దీనికి వంక పెట్టలేము. మనం గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుండగా వెనక కారు 60 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుంటే, దాదాపు 12 సెకన్ల ముందే హెచ్చరిక అందుతుంది. గుంతను తప్పించడానికి పక్కకు జరగబోయేవారు ఆగి, తల తిప్పి చూసి, కారు దాటిపోయాకే జరగడానికి ఆ వ్యవధి ధారాళంగా సరిపోతుంది. పగటిపూట మిణుకుమనే పద్ధతిలో బ్యాటరీ 16 గంటల వరకు వస్తుందని సంస్థ చెబుతోంది. వానకు తడిసినా ఇబ్బంది లేదు.

నగరం నడిబొడ్డున మాత్రం దీని ఉపయోగం బాగా తగ్గిపోతుంది. వెనక ఎప్పుడూ ఏదో ఒక వాహనం ఉంటుంది కాబట్టి హెచ్చరిక ఆగదు, ఆగని హెచ్చరికను చెవి త్వరలోనే పట్టించుకోవడం మానేస్తుంది. మనతో సమాన వేగంతో వెనకే వచ్చే వాహనం రాడార్‌కు చిక్కకపోవచ్చు. ఆపి ఉన్న కారు తలుపు హఠాత్తుగా తెరుచుకోవడం, పక్కనే ఉన్న లారీ కూడలిలో మన దారికి అడ్డంగా మలుపు తిరగడం వంటి నగర ప్రమాదాలు దాని పరిధిలోకే రావు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక పక్క పార్కింగ్, మరో పక్క బస్సు ఉన్నచోట హెచ్చరిక అందినా తప్పుకోవడానికి చోటు ఉండాలి కదా! ఆ చోటును ఇవ్వగలిగింది రోడ్డు ఒక్కటే.

అలా ఇచ్చిన నగరాలు లేకపోలేదు. నార్వే రాజధాని ఓస్లో నగరకేంద్రంలో వందలాది పార్కింగ్ స్థలాలను తొలగించి సైకిల్ దారులు వేశారు, వేగపరిమితులు తగ్గించారు. 2019లో ఆ నగర రోడ్ల మీద పాదచారులు గానీ సైకిలిస్టులు గానీ ఒక్కరు కూడా చనిపోలేదు. నెదర్లాండ్స్ ఆ దారి పట్టింది 1970లలో, అదీ వందల మంది పిల్లలు రోడ్ల మీద ప్రాణాలు కోల్పోయాక తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి నిలదీస్తేనే. గట్టుతో వేరుచేసిన దారి, వీధుల్లో 30 కిలోమీటర్ల పరిమితి, లారీ డ్రైవరుకు సైకిల్ ఎదురుగా కనబడేలా మలచిన కూడలి ఎలా పనిచేస్తాయో ఈనాడు తెలిసిందే కాబట్టి, మరో నగరం మళ్లీ అంత మూల్యం చెల్లించనక్కరలేదు.

శివారు రోడ్ల మీద దూరాలు తొక్కేవారు ఈ లైటును నిస్సంకోచంగా కొనవచ్చు. నగరంలోనే తిరిగేవారికి మంచి మామూలు లైటు చాలు. వారు లారీలు మలుపు తిరిగే కూడళ్లను, పార్కింగ్ సైకిల్ దారిని మింగేసిన చోట్లను ఫొటోలతో సహా గుర్తించి, అక్కడ ఎవరికీ ఏమీ జరగకముందే పురపాలక అధికారులకు లిఖితపూర్వకంగా అందజేస్తే ఈ రాడార్ కన్నా ఎక్కువ రక్షణ దొరుకుతుంది.