జలపాతం స్టేజిలో తమ్ముణ్ణి చంపుతూ 28 ఏళ్లు: కాంట్రా సిరీస్ సమీక్ష

కాంట్రా అనే తుపాకుల వీడియో గేమ్‌లో మూడో స్టేజి జలపాతం. అడ్డంగా పరిగెత్తడం కాదు, రాయి మీంచి రాయి మీదికి దూకుతూ పైకెక్కాలి. ఇద్దరు ఆడుతుంటే ముందెక్కినవాళ్లతో పాటు తెర పైకి జరుగుతుంది. వెనకున్నవాళ్లు తెర కింది అంచు దాటారా, పోయినట్టే. శత్రువు తూటా తగలక్కర్లేదు, అక్క తొందరపడితే చాలు.

ఆ అక్కను నేను. కిందపడి చచ్చేది మా తమ్ముడు. 1997 వేసవి సెలవుల్లో మొదలైన ఈ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది కాబట్టి, 'చాలాకాలం వాడి రాసిన సమీక్ష' అనే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

మాది నెల్లూరు. నాన్న పనిమీద మద్రాసు వెళ్లినప్పుడు బర్మా బజార్లో ఒక టీవీ గేమ్ కొనుక్కొచ్చాడు. పెట్టె మీద ఏదో ఇంగ్లీషు పేరుంది కానీ మాకు అది టీవీ గేమే. నింటెండో వాళ్లు 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్ అనే గేమ్ మెషిన్‌కి అది నకలు అన్న సంగతి తెలియడానికి నాకు పెళ్లీడు వచ్చింది. దాంతో పాటు పసుపు రంగు కేసెట్ ఒకటి, మీద '9999 ఇన్ 1' అని రాసుంది. తమ్ముడు ఆ రాత్రంతా 9999 ఆటలు రోజుకు ఎన్ని ఆడితే ఎప్పటికి అవుతాయో లెక్కలు వేశాడు. పొద్దున మెనూలో నాలుగు పేజీలు తిప్పేసరికి వచ్చిన ఆటలే వేరే పేర్లతో మళ్లీ వస్తున్నాయని అర్థమైంది. గట్టిగా చూస్తే అసలు ఆటలు పదో పన్నెండో. వాడు ఏడవబోయి, ఆ పదింట్లో కాంట్రా ఉండడంతో ఆగిపోయాడు.

ఆట గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. జపాన్ కంపెనీ కొనామి 1987లో దీన్ని నాణెం వేసి ఆడే ఆర్కేడ్ మెషిన్ల కోసం చేసింది. ఇళ్లలో ఆడే కేసెట్ రూపంలో 1988లో వచ్చింది. నీలం ప్యాంటు బిల్, ఎర్ర ప్యాంటు లాన్స్, చొక్కాల్లేవు. ఎనిమిది స్టేజిలు. ఒక్క తూటా తగిలితే ఒక లైఫ్ పోతుంది. లైఫ్‌తో పాటు చేతిలో ఉన్న మంచి తుపాకీ కూడా పోయి, మొదట్లో ఇచ్చిన టుక్కుటుక్కు తుపాకీ మిగులుతుంది. మొత్తం మూడే లైఫులు. చేయి తిరిగినవాళ్లు అరగంటలో ముగించేస్తారు. మాకు మొదటిసారి ముగించడానికి రెండు వేసవులు పట్టింది.

అందులో ప్రాణం లాంటిది 'ఎస్' తుపాకీ. గాల్లో ఎగురుతూ వచ్చే గుళికను కాలిస్తే కింద పడే ఎర్ర రెక్కల బిళ్ల మీద ఎస్ అక్షరం కనిపిస్తే, మా ఇంట్లో తోబుట్టువుల ప్రేమ అక్కడికక్కడే ఆగిపోయేది. దాన్ని తీసుకుంటే ఒక్క నొక్కుకి అయిదు తూటాలు విసనకర్రలా విచ్చుకుంటాయి. గురి అక్కర్లేదు. అంటే ఏడేళ్ల పిల్లవాడికి అది దొరికితే వాడూ వీరుడే. నాకది నచ్చేది కాదు. 'నువ్వు చిన్నోడివి, లేజర్ తీసుకో, అది ఇంకా పవర్' అని చెప్పి రెండు నెలలు నమ్మించాను. లేజర్ నొక్కిన ప్రతిసారీ పాత గీత ఆగిపోయి కొత్తది మొదలవుతుంది, ఆగి ఆగి నొక్కాలి. మా వాడు టర్బో బటన్ (పట్టుకుంటే చాలు, టకటకా తనే నొక్కుతూ ఉంటుంది) పట్టుకుని కూర్చునేవాడు. తుపాకీ చివర చిన్న మెరుపు తప్ప ఏమీ వచ్చేది కాదు. పాపం.

ఇక్కడ రిమోట్ల గురించి చెప్పాలి (జాయ్‌స్టిక్ అనేవాళ్లూ ఉన్నారు, మా వీధిలో రిమోటే). మొదటి రిమోట్‌కే స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండేవి. రెండోదానికి లేవు. అసలు ఫ్యామికామ్‌లోనూ అంతే, నకలు చేసినవాళ్లు ఆ లోటును కూడా నమ్మకంగా నకలు చేశారు. దీని అర్థం ఏమిటంటే ఆట ఆపే హక్కు పెద్దవాళ్ల చేతిలోనే ఉంటుంది. తమ్ముడికి దాహం వేసినా, దోమ కుట్టినా నన్ను అడగాల్సిందే.

కానీ వాడికీ ఒక ఆయుధం ఉంది. మా కేసెట్‌లో ఒకరి లైఫులు అయిపోతే, 'ఏ' (A) అనే బటన్ నొక్కి రెండోవాళ్ల లైఫ్ ఒకటి లాక్కోవచ్చు. అడగక్కర్లేదు, నొక్కితే చాలు. నేను జాగ్రత్తగా దాచుకున్న రెండు లైఫులూ వాడు జలపాతం దగ్గర వరసగా నొక్కేసి, వరసగా కిందపడి చచ్చేవాడు. 'ఒరేయ్ ఆగరా' అనేలోపు నాది కూడా గేమ్ ఓవర్. నేను తొందరపడి వాణ్ణి చంపుతాను, వాడు నా ప్రాణం తీసుకుని మళ్లీ వస్తాడు. ఈ ఆటను తయారుచేసినవాళ్లకు తోబుట్టువులు ఉండే ఉంటారు.

ఇంకో చమత్కారం ఉంది, ఇది ఈ మధ్య మళ్లీ ఆడుతున్నప్పుడే గమనించాను. మొదటి స్టేజి అడవిలో వెనకబడ్డవాళ్లు తెర ఎడమ అంచు దగ్గరుంటే తెర ముందుకు కదలదు. అంటే అక్కడ వెనకవాడు ముందువాణ్ణి ఆపుతాడు. జలపాతంలో ముందువాడు వెనకవాణ్ణి చంపుతాడు. అవే ఇద్దరు, అవే తుపాకులు, దారి అడ్డం నుంచి నిలువుకు తిరిగేసరికి నియమం తలకిందులైంది. రెండో స్టేజిలోనైతే వీపు వెనక నుంచి చూస్తున్నట్టు కారిడార్, ఎదురుగా కరెంటు తీగ. గోడ మీది గుండ్రటి దాన్ని పగలగొట్టేదాకా ముందుకెళ్లకూడదు. తమ్ముడు వెళ్లేవాడు. షాక్ కొట్టి గిలగిల్లాడే బొమ్మ చూడ్డం వాడికి సరదా.

ముప్పై లైఫుల మంత్రం మా దాకా రావడానికి ఏడాది పట్టింది. గూడూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మ కొడుకు కరెంటు బిల్లు వెనక బాణాలు గీసిచ్చాడు: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ. ఇద్దరికీ కావాలంటే సెలెక్ట్ నొక్కి స్టార్ట్. ఆ బిల్లు నాన్న కట్టాల్సిన బిల్లని తర్వాత తెలిసింది, అది వేరే కథ. ఈ మంత్రాన్ని తయారుచేసింది కొనామిలో పనిచేసిన కజుహిసా హషిమోటో. 1986లో గ్రేడియస్ అనే ఆటను ఇంటి మెషిన్‌కి మారుస్తూ, పరీక్షించడానికి ఆడాలంటే తనకే కష్టంగా ఉందని ఈ దొడ్డిదారి పెట్టుకున్నాడట. తీసేయకుండానే ఆట బయటికొచ్చింది. ఆయన 2020లో చనిపోయాడని వార్త చూసి తమ్ముడికి పంపాను. వాడు బదులుగా బాణాలు మాత్రం పంపాడు, ఎనిమిది బాణాలూ వరస తప్పకుండా.

ముప్పై లైఫులు వచ్చాక ఆట తేలికైందా అంటే, అయింది. కానీ అప్పుడు అసలు విలన్ బయటపడ్డాడు: కరెంటు. ఈ కేసెట్లలో సేవ్ చేసుకోవడం ఉండదు. ఏడో స్టేజిలో ముళ్ల గోడలు దాటి, పట్టాల మీద పరిగెత్తే బండ్లు దాటి, చేతులు చెమటలు పట్టి ఉన్నప్పుడు టప్పుమని ఫ్యాన్ ఆగిపోయేది. మే నెల నెల్లూరు, మధ్యాహ్నం రెండు గంటలు. తమ్ముడు చీకటి టీవీకేసి చూస్తూ ఇంకా బటన్ నొక్కుతూనే ఉండేవాడు. అడాప్టర్ చెయ్యి పెడితే కాలేంత వేడెక్కేది. అమ్మ దాన్ని స్టీలు పళ్లెంలో పెట్టి, 'దానికి కూడా కాస్త రెస్టు ఇయ్యండి' అనేది. కేసెట్ పనిచేయకపోతే తీసి నోటితో ఊదడం అందరూ చేసిందే. ఊదినందువల్ల కాదు, తీసి మళ్లీ సరిగ్గా పెట్టినందువల్ల పనిచేసేదట. ఊపిరి తేమకి లోపలి పిన్నులు పాడవుతాయి కూడా. మా కేసెట్ చివరికి అలాగే పోయిందని నా అనుమానం.

ఇప్పుడు మిగతా సిరీస్. సూపర్ కాంట్రా (అమెరికాలో దీన్ని సూపర్ సి అన్నారు) కూడా ఆ రోజుల్లోనే అద్దెకు తెచ్చుకుని ఆడాం, రోజుకు అయిదు రూపాయలు. మంచిదే. కారిడార్ స్టేజిల బదులు పైనుంచి చూసేవి పెట్టారు. దొంగ మంత్రం కూడా మార్చి పది లైఫులే ఇచ్చారు, అది పిసినారితనం. మన కేసెట్ల షాపుల్లో సూపర్ కాంట్రా 7 లాంటివీ దొరికేవి. వాటితో కొనామికి ఏ సంబంధమూ లేదు, ఎవరో సొంతంగా చేసి కేసెట్లలోకి ఎక్కించారు. చిన్నప్పుడు అవన్నీ వరస భాగాలే అనుకుని నాలుగు, అయిదు ఎక్కడున్నాయని షాపతన్ని విసిగించాం.

1992లో వచ్చిన మూడో కాంట్రా, ఏలియన్ వార్స్, నేను పెద్దయ్యాకే ఆడాను. చూడ్డానికి సిరీస్ మొత్తంలో ఇదే గొప్పది. రెండు తుపాకులు దగ్గర పెట్టుకోవచ్చు, గోడలు ఎక్కొచ్చు, ఎగిరే క్షిపణులకు వేలాడుతూ బాస్‌తో (స్టేజిలో ఎదురయ్యే పెద్ద శత్రువుతో) పోరాడే ఘట్టం ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. అయినా నా మనసు మొదటిదాని దగ్గరే ఆగిపోయింది. 1994 నాటి హార్డ్ కోర్ మాత్రం నాకు కోపం తెప్పించింది. జపాన్‌లో అమ్మిన దాంట్లో మూడు దెబ్బలు తగిలితేగానీ ప్రాణం పోదు. అమెరికాకు పంపిన దాంట్లో ఒక్క దెబ్బకే. నేను ముందు రెండోది ఆడి, నాకు వయసైపోయిందని బాధపడ్డాను. యూరప్‌లో ఇంకో వింత. అక్కడ కాంట్రా పేరే ప్రోబోటెక్టర్, మనుషుల స్థానంలో రోబోలు. జర్మనీ నిబంధనలకు భయపడి చేసిన మార్పు అది. మా బిల్, లాన్స్ లేని కాంట్రాను నేను పది నిమిషాలు ఆడి ఆపేశాను.

2019లో వచ్చిన కాంట్రా యానివర్సరీ కలెక్షన్ ఇప్పుడు నేను వాడేది. పది ఆటలున్నాయి, ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు. ఆరేళ్లుగా ఆడుతున్నాను, కొన్న డబ్బులు ఎప్పుడో తీరాయి. మొదటి రోజు మాత్రం పెద్ద టెన్షన్. అడవిలో మొదటి వంతెన దాకా కూడా వెళ్లలేకపోయాను. దూకాల్సిన చోట ఆలస్యంగా దూకుతున్నాను, తూటాలు ముందే వచ్చేస్తున్నాయి, పాట కూడా ఎవరో తరుముతున్నట్టు వినిపిస్తోంది. నా చేతులే మొద్దుబారాయనుకున్నా. అసలు కారణం వేరు. అప్పట్లో మన టీవీలు సెకనుకు 50 సార్లు బొమ్మ గీసేవి. జపాన్, అమెరికా టీవీలు 60 సార్లు. ఈ ఆటలో అడుగు వేయడం నుంచి తూటా కదలడం దాకా అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. మన టీవీలకు తగ్గట్టు చేసిన నకలు మెషిన్‌లో అదే కాంట్రా ఆరో వంతు నెమ్మదిగా నడిచేదన్నమాట. నా బాల్యం మొత్తం స్లో మోషన్‌లో జరిగింది. జలపాతంలో పైనుంచి దొర్లే బండల్ని చూసి తప్పుకునే టైమ్ అందుకే ఉండేది. ఇప్పుడు అలవాటైంది కానీ, ఆ పాత వేగంలో ఆ సంగీతం ఇంకాస్త బరువుగా ఉండేదని నా చెవికి ఇప్పటికీ అనిపిస్తుంది.

కొత్తగా ఆడాలనుకునేవాళ్లకు ఒక సలహా: రిమోట్ మీద అన్ని వైపులా వంగే ఆనలాగ్ స్టిక్‌తో ఆడొద్దు, ప్లస్ గుర్తులా ఉండే బటన్‌తోనే ఆడండి. స్టిక్‌తో ఐమూలగా గురిపెట్టబోతే బొమ్మ బోర్లా పడుకుంటుంది. 2024లో వచ్చిన ఆపరేషన్ గలూగా కూడా చూశాను. మొదటి కథనే మళ్లీ చెప్పారు, గాల్లో రెండోసారి దూకొచ్చు, దెబ్బలు తట్టుకునే గీత పెట్టుకోవచ్చు. బాగా చేశారు. కాకపోతే మాటలు మరీ ఎక్కువ. బిల్‌కీ లాన్స్‌కీ మాటలెందుకో నాకు అర్థం కాలేదు, మా ఇంట్లో వాళ్ల తరఫున అరవడానికి మేమున్నాంగా.

మొన్న సంక్రాంతికి తమ్ముడు బెంగళూరు నుంచి వచ్చాడు. నాకు వంటింట్లో పనుండి రిమోట్ మా అమ్మాయికిచ్చాను. దానికి పదకొండేళ్లు. మొదటి రిమోట్ అదే తీసుకుంది, స్టార్ట్ బటన్ ఉన్నది అని కాదు, రంగు బాగుందని. అరిసెల పాకం చూస్తూ చెవి అటే వేసి ఉంచాను. అడవి అయింది. కారిడార్ అయింది. జలపాతం పాట మొదలైన అయిదు సెకన్లకే లోపలి నుంచి కేక:

'అక్కా! నీ కూతురికి చెప్పు, నన్ను వదిలేసి పైకెక్కిపోతా ఉంది!'

పాకం ముదురుతోందని చెప్పి, నేను వెళ్లలేదు.