అడ్యూస్, సైట్, డిడ్యూస్: ఏది ఎక్కడ మేలు?

ఒక ఇంగ్లిష్ పరిశోధన వ్యాసం దిద్దుతుంటే "ది ఆథర్ అడ్యూసెస్ టెన్ బుక్స్" అన్న వాక్యం తగిలింది. వ్యాకరణం సరిగానే ఉంది, అయినా మనసొప్పలేదు. రచయిత పది పుస్తకాల పేర్లు చెప్పాడంతే. వాటితో ఏం రుజువు చేయదలచుకున్నాడో వెనకా లేదు, ముందూ లేదు. అక్కడికి సైట్ (cite) సరిపోయేది.

అడ్యూస్ (adduce) అంటే ఒక వాదనకు బలంగా సాక్ష్యాన్నో, కారణాన్నో, ఉదాహరణనో ముందుకు తేవడం. లాటిన్‌లో 'అడ్' అంటే వైపు, 'డూకెరె' అంటే నడిపించడం. సాక్షిని వాదన దగ్గరికి నడిపించుకు రావడమన్నమాట. కాలిని ఒంటి మధ్యగీత వైపు లాగే తొడ లోపలి కండరాలను అడక్టర్లు అంటారే, ఆ పేరూ ఈ మూలం నుంచి వచ్చిందే. సైట్‌కి ఇంత బాధ్యత లేదు. ఫలానా చోట ఉంది, ఫలానావారు అన్నారు అని చూపిస్తే చాలు.

ఈ తేడా నాకు డార్విన్ దగ్గర బాగా తెలిసింది. 1859లో అచ్చయిన 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' గ్రంథంలో ఆయన, జనాభా పెరుగుదల గురించి రాసిన మాల్థస్ పేరు ప్రస్తావిస్తాడు. అది సైట్ చేయడం. పెంపుడు పావురాల జాతులన్నీ ఒకే అడవి పావురం సంతతి అని చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం పేర్లతో సరిపెట్టలేదు. తెల్ల జాతిని, నల్ల జాతిని తానే జతకట్టించాడు. మనవల తరంలో అడవి పావురానికున్నట్టే నీలి ఒళ్లు, రెక్కల మీద జోడు నల్లచారలు ఉన్న పిట్ట పుట్టిందని చూపించాడు. ఆ పిట్టను అడ్యూస్ చేశాడు అంటే మాట అతికినట్టుంటుంది.

డిడ్యూస్ (deduce)ది అదే ధాతువు, దిక్కే వేరు. అడ్యూస్‌లో ఆధారాన్ని వాదన దగ్గరికి తెస్తాం, డిడ్యూస్‌లో ఆధారం నుంచి నిర్ణయాన్ని రాబడతాం. చాలామంది తికమకపడేది ఇక్కడే. కోట్ (quote) అంటే ఉన్నమాట ఉన్నట్టు చెప్పడం. అలెజ్ (allege) అంటే రుజువు ఇంకా తేలని ఆరోపణ చేయడం, దాన్ని వీటితో కలపనే కూడదు.

వాడుకలో ఒక జాగ్రత్త. అడ్యూస్ తర్వాత ఎవిడెన్స్, రీజన్స్, ఆర్గ్యుమెంట్స్ లాంటి నామవాచకం రావాలి. "అడ్యూస్ దట్" అని వాక్యం తగిలిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఉచ్చారణలో ఊనిక రెండో అక్షరం మీద. తెలుగు చేసేటప్పుడు నేను సైట్‌కి 'ఉటంకించు', అడ్యూస్‌కి 'ఆధారంగా చూపు' వాడతాను. కోర్టు సందర్భమైతే 'సాక్ష్యం ప్రవేశపెట్టు'.

మామూలు ఉత్తరాల్లో, ఈమెయిళ్లలో అయితే అడ్యూస్ జోలికే పోను. 'గివ్ రీజన్స్' అంటే హాయిగా అర్థమవుతుంది. తీర్పులో, థీసిస్‌లో, వాదన నిలుస్తుందా పడిపోతుందా అన్నది ఆ ఆధారం మీదే ఆధారపడిన చోట మాత్రం నా ఓటు అడ్యూస్‌కే. ఇందాకటి వాక్యాన్ని సైట్స్ అని దిద్ది, పక్కన మార్జిన్‌లో "ఈ పది పుస్తకాలు దేనికి రుజువు?" అని రాసి పంపాను.